టీ ట్రేలో వజ్రాలు

"టీ పెట్టి, అట్లనే ఆ రాయి గూడ చూడు" అంటాడు మా ఆయన. పదహారేళ్లుగా ఇదే మాట. ముందు టీ, తర్వాత రాయి. టీ పలచగా ఉంటే కొనడానికొచ్చిన గిరాకీ ఏమనుకుంటుందోనని ఆయనకు భయం. రాయి విషయంలో నేను పొరపాటు పడతానేమోనన్న భయం మాత్రం ఏనాడూ లేదు. నేను ఇంతవరకు పడలేదు మరి.

మాది చేవెళ్లలో బంగారం దుకాణం. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు, దానికో పూల తెర. తెరకు అవతల మా ఆయన రామేశ్వర్, గల్లా పెట్టె, అద్దాల బీరువాలు. ఇవతల నేను, గ్యాస్ పొయ్యి, ఉత్తరం వైపు కిటికీ, కిటికీ కింద చిన్న బల్ల. ఎవరైనా వజ్రపుటుంగరం కొనడానికో, పాతది మార్చుకోవడానికో వస్తే ఆయన కంటికి లూప్ పెట్టుకుంటాడు. లూప్ అంటే బొటనవేలంత భూతద్దం. రాయిని అటూ ఇటూ తిప్పి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" తప్ప ఆయనకు అందులో ఇంకేమీ తెలియదు. అప్పుడు నేను టీ ట్రే పట్టుకుని వెళ్లాలి. గ్లాసులు దించాక, "లోపల కాంటా ఉన్నది, తూకమేసి తెస్తరు" అని గిరాకీతో చెప్పి రాయిని తెల్లకాగితం పొట్లంలో చుట్టి ఖాళీ ట్రేలో వేస్తాడు. నేను దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చుకుని చూస్తాను. రంగెంత తెలుపు, లోపల మచ్చలున్నాయా, కట్ ఎట్లా ఉంది, తీసుకోవచ్చా వద్దా, అన్నీ చీటీ మీద రాస్తాను. రెండోసారి బిస్కెట్ల ప్లేటుతో వెళ్తాను. ప్లేటు కింద పొట్లం, పొట్లం కింద చీటీ. ఆయన ఒళ్లో పెట్టుకుని చదువుకుని, మళ్లీ ఒకసారి లూప్ పెట్టుకుని, నేను రాసిందంతా తన కంటితో చూసినట్టు చెప్తాడు. "సేటు చూపంటే చూపే" అంటారు జనం. నేను ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వస్తాను.

ఇదంతా ఎందుకు, నేనే వచ్చి చెప్తానని మొదటి సంవత్సరంలో ఒకసారి అడిగాను. ఆడమనిషి రాయి చూసి చెప్పిందంటే గిరాకీ నమ్మదన్నాడు ఆయన. మా అత్తమ్మ సుగుణమ్మ అయితే ముక్కు మీద వేలేసుకుంది. సేటు పెండ్లాం పరాయి మొగోళ్ల ముంగట కంటికి అద్దం పెట్టుకొని కూసుంటదా, మన ఇండ్లల్ల ఎన్నడన్న చూసినమా అంది. నేను కిటికీ దగ్గర కూర్చుని రాయి చూస్తుంటే, పనీపాటా లేకుండా కిటికీలోంచి రోడ్డు చూస్తున్నానని వచ్చినవాళ్లకు చెప్పేది కూడా ఆవిడే. ఆవిడకు తెలియక కాదు. తెలిసీ అట్లా చెప్పడం ఆవిడకు సుఖం.

నేను ఈ విద్య నేర్చుకోవడం కూడా మావాళ్ల పీనాసితనం పుణ్యమే. పదహారేళ్ల కింద మా ఆయన, మా మరిది కలిసి హైదరాబాదులో వజ్రాల గ్రేడింగు క్లాసుకు పేర్లు రాయించుకున్నారు. పదిహేను రోజుల క్లాసు. సరిగ్గా మొదలయ్యే ముందు రోజు మరిదికి అమ్మవారు పోసింది. కట్టిన ఫీజు వాపసు ఇవ్వరట. పైసలు ఎందుకు పోవాలె, నువ్వు రా, ఉత్తగనే కూసో అన్నాడు మా ఆయన. నేను నాలుగింటికి లేచి, ఇంటిల్లిపాదికీ రెండు పూటలా సరిపడా వండి, మెహదీపట్నం బస్సెక్కి వెళ్లి ఉత్తగనే కూర్చున్నాను. మూడో రోజుకి ఆయన కునికిపాట్లు మొదలయ్యాయి. నాకేమో నిద్రే రాలేదు. చిమటాతో పట్టుకున్న ఆవగింజంత రాయిలో గోడలూ గదులూ మెట్లూ ఉన్నాయి. దీపం వెలుగు పైనుంచి లోపలికి వెళ్లి, అడుగున గోడలకు తగిలి, మళ్లీ నా కంట్లోకే తిరిగొస్తోంది. పెళ్లయ్యాక అంతసేపు ఒక్కదాని వైపు ఎవరూ పిలవకుండా చూడటం అదే మొదటిసారి. ముసలి మాస్టారు నాలుగు రాళ్లు పెట్టి మంచిదేదో చెప్పమంటే అందరూ పెద్దదాన్ని చూపించారు. నేను అన్నిటికంటే చిన్నదాన్ని చూపించాను. "బేటీ, నీకు కన్నుంది" అన్నాడు ఆయన. ఆ మాట ఇప్పటికీ గుర్తు తెచ్చుకుంటూ ఉంటాను, ఎందుకంటే తర్వాత ఎవరూ అట్లాంటి మాట అనలేదు.

పరీక్షలో నాకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. సర్టిఫికెట్ మా మరిది పేరు మీద వచ్చింది. ఫీజు కట్టినప్పుడు ఇచ్చిన పేరు అదే కదా. పేరు మార్పించమంటే, మళ్లీ దరఖాస్తు, మళ్లీ తిరుగుడు, ఇంట్లదే గదా, ఎవలి పేరైతేంది అన్నాడు మా ఆయన. దానికి బంగారు రంగు ఫ్రేమ్ కట్టించి గల్లా మీద తగిలించారు. ప్రతి దసరాకు ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టేది నేనే. మా మరిదికి ఇప్పటికీ వజ్రానికీ తెల్ల రాయికీ తేడా తెలియదు. కానీ పదహారేళ్లు గోడ మీద పేరు చూసుకుని చూసుకుని, నిజంగా తనే చదివాననుకుంటున్నాడు పాపం.

వజ్రం కొనేటప్పుడు నాలుగు చూడాలంటారు: బరువు, రంగు, మచ్చలు, కట్. రంగూ మచ్చలూ రాయి పుట్టుకతో తెచ్చుకునేవి. కట్ మాత్రం మనిషి చేతి పని. చేతి పనికి విలువ కట్టడం మావాళ్లకు ఎప్పుడూ చేతకాలేదు. ఇక్కడ భూములకు ధరలొచ్చాక, జన్వాడ నుంచి చేవెళ్ల దాకా ఫామ్‌హౌసులు లేచాక, ఉంగరం కోసం వచ్చేవాళ్లు పెరిగారు. వచ్చినవాళ్లు అడిగే మాట ఒక్కటే, ఎన్ని క్యారెట్లు. పొలం ఎన్ని ఎకరాలు అన్నట్టే. క్యారెట్‌కు వంద సెంట్లు. ఆ వంద దాటితే ధర ఒక్కసారిగా ఎగురుతుంది కాబట్టి, సానపట్టేవాళ్లు కొందరు రాయి కింద భాగం చెక్కకుండా లావుగా వదిలేస్తారు. కాంటా మీద క్యారెట్ దాటుతుంది. కానీ ఆ బరువంతా ఉంగరం లోపలికి దిగి కూర్చుంటుంది, పైనుంచి కనపడదు. వెలుగు తిరిగి రాకుండా పక్క నుంచి కారిపోతుంది, రాయి నడిమధ్య బూడిద రంగులో చచ్చుగా ఉంటుంది. అట్లాంటిదాన్ని నేను చీటీ మీద "పొట్ట రాయి, వద్దు" అని రాస్తాను. ల్యాబు వాళ్లిచ్చే కార్డులో అయితే దానికి కట్ దగ్గర "గుడ్" అని ఉంటుంది. గుడ్ అంటే మంచిదే కదా అనుకుంటారు ఎవరైనా. వజ్రాల కార్డులో గుడ్ అంటే మూడో వరుస. దానికి పైన వెరీ గుడ్, దానికీ పైన ఎక్సలెంట్. మా అత్తమ్మ నన్ను నలుగురిలో మంచి కోడలు అన్నప్పుడల్లా నాకా కార్డు గుర్తొస్తుంది.

మొయినాబాద్‌లో ఇంకో షాపు పెడదామని మూడేళ్ల కింద అనుకున్నప్పుడు మా ఆయన నోటితోనే అన్నాడు, అక్కడ డైమండ్ కౌంటర్ నీదే అని. అక్కడికి సిటీ వాళ్లు వస్తారు, ఆడవాళ్లు కూర్చుంటేనే వాళ్లకు నచ్చుతుంది అని కూడా అన్నాడు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, సిగ్గు విడిచి చెప్తున్నాను, నెలల తరబడి తయారయ్యాను. గిన్నెలు తోముతూ గిరాకీకి చెప్పాల్సిన మాటలు గొణుక్కునేదాన్ని. అమ్మా, ముందు ఈ రెండు రాళ్లు చూడండి, లైటు కింద కాదు, ఇట్లా నీడలో చూడండి. రెండు కాటన్ చీరలకు ఫాల్స్ కుట్టించుకున్నాను. కళ్లజోడు మార్పించుకున్నాను. కుర్చీలో ఎట్లా కూర్చోవాలో కూడా ఆలోచించుకున్నాను, నలభై ఐదేళ్ల మనిషిని.

షాపు ప్రారంభం రోజు ఆ కుర్చీలో మా మరిది కొడుకు సాయిదీప్ కూర్చున్నాడు. వాడు ఆన్‌లైన్‌లో మూడు నెలల కోర్సు చేశాడు. డైమండ్ ఎక్స్‌పర్ట్ కొడుకు గదా, రక్తంలనే ఉన్నది అన్నాడు మా ఆయన పూజకు వచ్చిన వాళ్లతో, నా ముందే, నేను ప్రసాదం పంచుతుంటే. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక అడిగాను. ఇంట్ల పొయ్యి ఎవలు చూస్తరు అంది అత్తమ్మ. లోపలైతేంది బయటైతేంది, షాపు మనదే గదా అన్నాడు ఆయన. నేను ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి, దీపావళి సీజన్ పోనీ, అప్పుడు నిన్ను కూసోబెడత, మాటిస్తున్న అన్నాడు. అప్పటిదాకా వారానికి నాలుగు రోజులు నన్ను కారులో తీసుకెళ్తాడు. వంట చేసి, టిఫిన్ డబ్బాలు సర్దుకుని వెళ్తాను. కొత్త షాపులో వెనకాల చిన్న గది ఉంది. అందులో సింకు, ఎలక్ట్రిక్ పొయ్యి, ఒక టేబుల్ లైటు. టీ ట్రే కూడా కొత్తదే కొన్నారు. సాయిదీప్‌కు జీతం ఉంది. నాకు షాపు మనదే గదా అన్న మాట ఉంది.

పిల్లాడు చెడ్డవాడు కాదు. "పెద్దమ్మా, ఇది జర చూడవా" అని తనే లోపలికి వస్తాడు. నేను చూసి చెప్తే ఫోన్లో టైపు చేసుకుని వెళ్లి చెప్తాడు. వాళ్ల నాన్న ఇవన్నీ తనకెందుకు నేర్పలేదో వాడికి అర్థం కాదు. చెప్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. తండ్రిని కొడుకు ముందు చిన్న చేయడం ఎందుకని మింగేశాను. వీళ్లందరి పరువూ మోసే పని నాకెవరిచ్చారో తెలియదు.

దీపావళి అయిపోయిన వారానికి మొయినాబాద్ షాపుకు ముడిమ్యాల నుంచి మంజుల, నర్సింహ అనే మొగుడూ పెళ్లాలు వచ్చారు. వాళ్లకు గులాబీ తోట ఉంది. తోట పని మంజులదట, పూలు మార్కెట్‌కు వేసుకెళ్లడం నర్సింహదట. ట్రే పట్టుకుని వెళ్లినప్పుడు ఆమె చేతులు చూశాను. వేళ్ల నిండా ముళ్లు గీరిన సన్నటి చారలు. పెళ్లినాటి ఉంగరం ముళ్లకు చిక్కుకుంటుందని తీసి పెట్టేసిందట, ఇరవై ఏళ్లుగా వేలు బోసిగానే ఉందట. ఇప్పుడు తోట కొంచెం నిలబడింది, కోత పనికి మనుషుల్ని పెట్టుకున్నారు, తన పైసలతో తనకు ఒక రవ్వ ఉంగరం కావాలంది. అంతే అంది. ఆ తర్వాత మాటలన్నీ నర్సింహవే.

సాయిదీప్ రెండు రాళ్లు పెట్టాడు. ఒకటి తొంభై సెంట్లు, ఇంకొకటి నూటరెండు. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. రెండూ పొట్లాల్లో నా దగ్గరికి వచ్చాయి. నూటరెండు నాకు పాత చుట్టమే, ఎనిమిది నెలల కింద కొనేముందే వద్దని రాశాను, చవకగా వస్తుందని కొన్నారు. అయినా మళ్లీ మొదటి నుంచి చూశాను. రెండింటినీ పక్కపక్కన పెట్టాను. తొంభై సెంట్లది పైనుంచి చూస్తే వెడల్పుగా ఉంది, నూటరెండే చిన్నగా కనపడుతోంది. టేబుల్ లైటు ఆర్పి, అరచేయి అడ్డం పెట్టి నీడ చేశాను. తొంభై సెంట్లది ఆ నీడలో కూడా మెరుస్తోంది, తల కొంచెం కదిలిస్తే చాలు మెరుపు ఒక మూల నుంచి ఇంకో మూలకు దూకుతోంది. నూటరెండు నీడలోకి రాగానే చల్లారింది. చీటీ రాశాను: "చిన్నది ఇవ్వండి. కట్ ఎక్సలెంట్. పెద్దది పొట్ట రాయి, ఆ చేతికి వద్దు." ఆ చేతికి అని ఎందుకు రాశానో తెలియదు, ఎప్పుడూ అట్లా రాయలేదు.

ప్లేటు కింద పెట్టి ఇచ్చాను. మా ఆయన చీటీ చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, లూప్ పెట్టుకున్నాడు, "ఊఁ" అన్నాడు. మామూలుగా అయితే నేను వెంటనే వెనక్కి వచ్చేస్తాను. ఆ రోజు బిస్కెట్లు కింద పడ్డాయి, ఏరుతూ ఉండిపోయాను. అందుకే విన్నాను.

"నంబర్ వన్ పీస్ ఇదే" అని ఆయన నూటరెండును ముందుకు జరిపాడు. "మా తమ్ముడు సర్టిఫికెట్ హోల్డర్, ఆయన చూసి పాస్ చేసిన రాయి."

సాయిదీప్ కార్డు చూపించాడు. పాలిష్ ఎక్సలెంట్, సిమెట్రీ ఎక్సలెంట్ అని వేలు పెట్టి చదివాడు. కట్ అని ఉన్న చోట వాడి బొటనవేలు ఉంది. అది వాడికి ఎవరు నేర్పారో నాకు తెలుసు. మంజుల రెండు రాళ్లనూ చాలాసేపు మార్చి మార్చి చూసింది. తనకైతే చిన్నదే ఎక్కువ మెరుస్తున్నట్టుంది అని మెల్లగా అంది. ఆ మాట విని నాకు ఒళ్లు పులకరించింది. ఎవరూ నేర్పకుండానే ఆమె కంటికి అందింది.

"పూలు కోసేదానివి, నీకేమెరుక?" అన్నాడు నర్సింహ. కోపంగా కాదు, నవ్వుతూనే. "అవే పైసలకు ఎకరం వస్తుంటే ముప్పై ఆరు గుంటలు ఎవలన్న కొంటరా? ఎకరం ఎకరమే."

మా ఆయన కూడా నవ్వాడు. సాయిదీప్ నవ్వాడు. మంజుల పెద్ద రాయిని అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. నేను బిస్కెట్లు ప్లేటులో వేసుకుని లేచాను. ఆ అరచేయి వైపు ఒకసారి చూశాను. నోరు తెరవలేదు. గట్టిగా రెండు మాటలు, అమ్మా అది తీసుకోకు. అంత చాలు. నేను లోపలికి వెళ్లి గ్లాసులు కడిగాను.

ఆ సాయంత్రం కారులో మా ఆయన పాట పాడుకుంటున్నాడు. ఎనిమిది నెలల నుంచి పోని రాయి అరగంటలో పోయిందని, నేనేమో చీటీ మీద వద్దని రాశానని, వ్యాపారమంటే ఏంటో చూశావా అని ఎత్తిపొడిచాడు. నేను వేరే మాట అడిగాను. దీపావళి అయిపోయింది కదా, కౌంటర్ సంగతి ఏమైంది అని.

ఆయన స్టీరింగ్ మీద చెయ్యి అట్లాగే ఉంచి నా వైపు తిరిగాడు. "నిన్ను ఆడ కూసోబెడితే ఆ రాయి పోతుండెనా?" అన్నాడు. "నీ కన్ను మంచిదే సంతోషీ, కాదనను. గని గిరాకీ ముంగట అది పనికిరాదు. లోపలుంటేనే మంచిది."

ఎంత నిమ్మళంగా చెప్పాడంటే, నేను ఊఁ కొట్టబోయాను. చేవెళ్ల వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లూ అది పరువు సంగతి అనుకున్నాను, అత్తమ్మ నోరు అనుకున్నాను, పొయ్యి దగ్గర మనిషి ఉండాలని అనుకున్నాను. నేను ఇంకొంచెం ఓపిక పడితే, ఇంకొంచెం బాగా చూస్తే, ఇంకొన్ని నెలలు టిఫిన్ డబ్బాలు సర్దితే ఆ కుర్చీ వస్తుందనుకున్నాను. కాదు. నాకు రాయి తెలియకపోతే ఎప్పుడో కూర్చోబెట్టేవాడు, నగలు పెట్టుకున్న బొమ్మలాగా. తెలుసు కాబట్టే లోపల పెట్టాడు. నా చీటీ గిరాకీ కోసం కాదు, ఏ రాయి ఎవరికి అంటగట్టవచ్చో ఆయన తెలుసుకోవడానికి. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ పదహారేళ్లలో నేను వద్దని రాసిన రాళ్లు ఎన్ని? అవన్నీ ఏమయ్యాయి? నేనెప్పుడూ చూడలేదు, గ్లాసులు ఏరుకుని లోపలికి వచ్చేసేదాన్ని కదా. ఎన్ని వేళ్ల మీద ఉన్నాయో అవి. ఆయన దొంగతనానికి నా కన్నే దీపం పట్టిందన్నమాట. అన్నం వండటం, బట్టలు ఉతకటం లాగా అది కూడా నేను జీతం లేకుండానే చేశాను.

మూడు వారాలు ఏమీ చేయలేదు. రాళ్లు వచ్చాయి, చూశాను, రాశాను. ఇంట్లో నోట్లో నాలుక లేనిదానిలా తిరిగాను. అత్తమ్మ ఈ మధ్య సంతోషి నెమ్మదించింది అని ఎవరితోనో ఫోన్లో మెచ్చుకుంది.

ఒక రోజు మధ్యాహ్నం చేవెళ్లలో ఇంటి వెనక తలుపు ఎవరో తట్టారు. అత్తమ్మ నిద్రపోతోంది, ఆయన మొయినాబాద్‌లో ఉన్నాడు. తలుపు తీస్తే మంజుల. బిల్లు మీద చేవెళ్ల షాపు అడ్రసు చూసుకుని వచ్చిందట. కూర్చోమంటే కూర్చోలేదు. ఉంగరం తయారై చేతికి వచ్చి ఆరు రోజులైందట. వేలు నా ముందు పెట్టింది. బంగారం పని బాగుంది. మధ్యలో రాయి చచ్చి పడి ఉంది.

"అక్కా, ఆ దినం బిస్కెట్లు పట్టుకొని నా చెయ్యి దిక్కు చూసినవ్" అంది. "పీనుగను చూసినట్టు చూసినవ్. ఇంటికి పోయినా నాకు నీ మొకమే యాదికొస్తున్నది. ఏమున్నది దీన్ల?"

చెప్పాను. కిటికీ దగ్గర నా బల్ల ముందు నిలబెట్టి, కొంగుతో నీడ చేసి, నా ముక్కుపుడక తీసి ఆమె ఉంగరం పక్కన పెట్టాను. మినప్పప్పులో సగం లేని రవ్వ అది, నేనే ఏరుకున్నది. నీడలో అది మెరిసింది, ఉంగరం మెరవలేదు. లూప్ ఆమె చేతికిచ్చాను. మొదట ఏమీ కనపడటం లేదంది, రెండు కళ్లూ తెరిచే ఉంచుకోమన్నాను, చెయ్యి చెంపకు ఆనించుకోమన్నాను. చాలాసేపు చూసింది. కార్డు సంగతి చెప్పాను, గుడ్ అంటే ఎన్నో వరుసో చెప్పాను. చివరికి చీటీ సంగతి కూడా చెప్పాను. ఏం రాశానో మాట మాటకూ చెప్పాను.

మంజుల లూప్ నా చేతిలో పెట్టేసింది.

"నీకు ఎరుకుండి చెప్పలేదా, అక్కా?"

అరిచి ఉంటే బాగుండేది. ఆమె అరవలేదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది. ఆయన అన్నాడనో, అత్తమ్మ అందనో, మా ఇండ్లల్లో ఇట్లా ఉంటుందనో చెప్పబోయాను. ముళ్లు గీరిన ఆ చేతుల ముందు ఏ మాటా నిలబడలేదు. ఎరుకుండే చెప్పలేదు అన్నాను. ఏడుపు వచ్చింది, అది నా మీద నాకే వచ్చిన ఏడుపు, అందుకే ఆపుకున్నాను. తర్వాత బిల్లు చూపించమన్నాను. వెనక సన్న అక్షరాల్లో ఉంది, ముప్పై రోజుల్లో మార్చుకోవచ్చని. ఆ అక్షరాలు ఎవరూ చదవరని మా ఆయన ధీమా. నాలుగు రోజుల్లో గురువారం వస్తోంది, పది గంటలకు చేవెళ్ల బస్టాండ్ దగ్గర ఉండమన్నాను. నర్సింహను తీసుకురావాలా అంది. నీకు రాయి కనపడుతోంది కదా, ఎందుకు అన్నాను.

గురువారం పొద్దున ఆయన బయల్దేరుతూ కారులోకి రమ్మన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను, అది ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధమేమీ కాదు గానీ, సిగ్గుపడనిది అదే. ఆయన వెళ్లాక పొయ్యి మీద ఏమీ పెట్టలేదు. ఫాల్స్ కుట్టించిన చీరల్లో ఒకటి తీసి కట్టుకున్నాను. అన్నం ఎవలు వండుతరు, గీ యాళ్లప్పుడు ఏడికి పోతున్నవ్ అని అత్తమ్మ వాకిలి దాకా వచ్చి అడిగింది. మొయినాబాద్ పోతున్న, బస్సుల అన్నాను. బస్సుల సేటు పెండ్లామా అని ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు కొట్టాడు. మంజుల దారి పొడవునా ఉంగరం ఉన్న చేతిని నీడలోకీ ఎండలోకీ మార్చి చూసుకుంటూ ఉంది.

మేం వెళ్లేసరికి షాపులో ఇంకో జంట ఉంది, సిటీ వాళ్లు, అద్దం మీద వాళ్ల ముందు ఆరేడు ఉంగరాలు పరిచి ఉన్నాయి. నన్ను చూసి సాయిదీప్ లేచి నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఒంట్ల బాగలేదన్నరు గదా" అన్నాడు. మా ఆయన ముఖంలో మొదట సంతోషమే కనపడింది. "అచ్చినవా, మంచిగైంది. వీళ్లకు టీ..." అంటూ నా వెనకాల మంజులను చూసి ఆగిపోయాడు. ఆమె వేలు చూశాడు. నా చీర చూశాడు. గొంతు తగ్గించి, లోపలికి నడువు అన్నాడు.

కౌంటర్‌కు అటు వైపు కుర్చీ ఒక్కటే ఉంది, దాని ముందు సాయిదీప్ నిలబడి ఉన్నాడు. దాని కోసం మూడేళ్లు కలలు కన్నాను. నిజానికి అదేమంత గొప్పగా లేదు. ఇటు వైపు, గిరాకీ కూర్చునే వైపు, నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి మంజులకు జరిపి, ఇంకోటి లాక్కుని నేను కూర్చున్నాను. సిటీ ఆవిడ ఉంగరాలు వదిలేసి మా వైపు తిరిగింది. లూప్ తీసి అద్దం మీద పెట్టాను. పెళ్లయిన పాతికేళ్లలో ఏనాడూ పిలవని పిలుపుతో మా ఆయన్ను పిలిచాను.

"సేటూ, మా రాయి మంచిగ లేదు. మార్చియ్యుండ్రి."